విలియం హంటర్: వైద్యుని నాణేల భాండారం

నాడి చూచుట వైద్యుని పని. నాణెం చూచుట చరిత్రకారుని పని. ఈ రెండింటికీ సంబంధమేమని ఎవరైనా అడుగవచ్చు. 18వ శతాబ్దంలో లండను నగరంలో ప్రసిద్ధికెక్కిన డాక్టర్ విలియం హంటర్ జీవితం ఆ ప్రశ్నకు మంచి సమాధానం. ప్రసూతి వైద్యంలో గడించిన ధనాన్ని ఆయన మేడలకూ మాన్యాలకూ వినియోగించలేదు. ప్రాచీన నాణేలకూ గ్రంథాలకూ వినియోగించినాడు. చివరకు ఆ సంపదనంతా ఒక విద్యాపీఠానికి అప్పగించి వెళ్ళినాడు.

స్కాట్లండులో గ్లాస్గో నగర సమీపాన, ఈస్ట్ కిల్‌బ్రైడ్ ప్రాంతంలోని లాంగ్ కాల్డర్‌వుడ్ అనే పల్లెపట్టున, 1718 మే 23వ తేదీన హంటర్ జన్మించినాడు. మతాచార్యుడు కావలెనన్న సంకల్పంతో పదమూడవ ఏటనే గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రవేశించినాడు. కాని ఆ మార్గంలో ఆయన మనస్సు నిలువలేదు. విలియం కల్లెన్ అనే వైద్యుని సాహచర్యం ఆయనను వైద్యవిద్య వైపు మరల్చినది. 1740లో లండను చేరి, 1746లో శరీరనిర్మాణ శాస్త్రంపై సొంతంగా ఉపన్యాసాలు ప్రారంభించినాడు.

ఆ రోజులలో ఇంగ్లండులో గురువు శవాన్ని కోసి చూపుతుంటే శిష్యులు దూరాన కూర్చుండి చూచేవారు. హంటర్ ఈ పద్ధతిని మార్చినాడు. పారిస్ నగరంలో వలెనే ప్రతి విద్యార్థీ స్వహస్తాలతో శవచ్ఛేదనం చేసి నేర్చుకొనే అవకాశం కల్పించినాడు. పుస్తకం చెప్పినదానిని నమ్ముట కాదు, వస్తువునే కన్నులారా పరిశీలించి తెలుసుకొనుట విద్య అని ఆయన విశ్వాసం. ఆయన జీవితాన్ని నడిపిన సూత్రమిదే.

1764లో ఆయన షార్లట్ రాణికి వైద్యుడైనాడు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం ఎదుట ఒక ప్రతిపాదన ఉంచినాడు: స్థలమిస్తే, 7,000 పౌనులు తానే వెచ్చించి శరీరనిర్మాణ శాస్త్రానికి ఒక విద్యాలయం కట్టిస్తానన్నాడు. ప్రభుత్వం దానిని పట్టించుకోలేదు. హంటర్ నిరుత్సాహపడక, గ్రేట్ విండ్‌మిల్ వీథిలో తన సొమ్ముతోనే ఒక భవనం నిర్మించుకొన్నాడు. నివాసం, ఉపన్యాసశాల, గ్రంథాలయం, వస్తుప్రదర్శనశాల అన్నీ ఆ ఒక్క కప్పు క్రిందనే ఉండేవి.

1770 ప్రాంతం నుండి ఆయన దృష్టి నాణేల మీదికి మళ్ళినది. ఒక్కొక్క నాణెం ఏరుకొనుటతో తృప్తిపడక, ఇతరులు జీవితకాలం కూర్చిన భాండారాలనే మొత్తంగా కొన్నాడు. పది పన్నెండేండ్లలో ఇందుకై 20,000 పౌనులకు పైగా వ్యయం చేసినాడు. నాణేలూ పతకాలూ కలిసి సుమారు 30,000 చేరినవి. ఆ కాలంలో ఫ్రెంచి రాజభాండారం తప్ప దీనికి సాటి వచ్చేది లేదని ప్రతీతి. ఆయన మిత్రుడు చార్లెస్ కూమ్ ఈ భాండారంలోని ప్రాచీన జాతుల, నగరాల నాణేలను వివరిస్తూ 1782లో లాటిన్ భాషలో ఒక గ్రంథం ప్రకటించినాడు. శరీరంలోని నరాన్నీ ఎముకనూ గుర్తించి, పేరుపెట్టి, క్రమంలో అమర్చే పద్ధతియే ఇక్కడ నాణేలకూ అన్వయించినది.

నాణెం అల్పవస్తువే కావచ్చు. కాని గ్రంథాలు మరచిన సంగతులను అది చెప్పగలదు. గౌతమీపుత్ర శాతకర్ణి నహపానుని జయించిన విషయానికి, ఆ నహపానుని నాణేలపైనే శాతకర్ణి తిరిగి వేయించిన ముద్రలు సాక్ష్యమని మనకు తెలియును కదా. హంటర్ భాండారంలోనూ ఇట్టి సాక్షి ఒకటి ఉన్నది. అది 1713లో ట్రాన్సిల్వేనియాలో దొరికిన బంగారు నాణెం. దానిపై స్పాన్సియన్ అనే పేరు ఉన్నది. రోము చరిత్రకారులెవ్వరూ అట్టి పాలకుని పేర్కొనలేదు. అందుచేత 19వ శతాబ్దపు పండితులు అది కల్ల నాణెమని త్రోసిపుచ్చినారు. 2022లో శాస్త్రజ్ఞులు దానిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, చేతులు మారుటవలన కలిగిన అరుగుదలనూ, మట్టిలో చిరకాలమున్న జాడలనూ చూపి, అది నిజమైనదే కావచ్చునన్నారు. దీనిని అంగీకరించని పండితులూ ఉన్నారు. వివాదమెట్లు తీరినా, వస్తువు భద్రంగా ఉన్నందుననే విచారణ సాధ్యమైనది.

1783 మార్చి నెలలో అనారోగ్యంతో మంచముపై ఉన్న హంటర్, మిత్రులు వారించినా వినక లేచి వచ్చి ఉపన్యాసమిచ్చినాడు. అది ముగియునంతలో సొమ్మసిల్లినాడు. ఆ నెల 30వ తేదీన కన్నుమూసినాడు. ఆయన అవివాహితుడు. ప్రఖ్యాత శస్త్రవైద్యుడైన తమ్ముడు జాన్ హంటర్‌తో, ఒక శాస్త్రవిషయంలో ఎవరు ముందు కనుగొన్నారన్న తగవు వచ్చి, 1780 నుండి ఎడబాటు ఏర్పడినది. వీలునామాలో తమ్మునికి ఏమీ వ్రాయలేదు. పిత్రార్జితమైన భూమి మేనల్లుడు మాథ్యూ బెయిలీకి సంక్రమించగా, ఆ ఉదారుడు దానిని జాన్‌కే ఇచ్చివేసినాడు. వస్తుసంచయం మాత్రం కొంతకాలం బెయిలీ అధీనంలో ఉండి, పిదప గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందవలెనని హంటర్ శాసించినాడు. అందుకు 8,000 పౌనులు కూడా కేటాయించినాడు. 1807లో అక్కడ హంటేరియన్ ప్రదర్శనశాల వెలసినది. స్కాట్లండులో ప్రజలకు తెరచిన ప్రదర్శనశాలలలో అదియే ప్రాచీనమైనది. అక్కడి గ్రీకు నాణేలపై జార్జి మాక్డొనాల్డ్ 1899-1905 మధ్య మూడు సంపుటాలూ, రోమను చక్రవర్తుల నాణేలపై ఆన్ రాబర్ట్‌సన్ 1962-82 మధ్య అయిదు సంపుటాలూ వెలువరించినారు.

ఇంత చెప్పి ఇక్కడనే ముగిస్తే సత్యానికి లోపం చేసినట్లగును. హంటర్ శాస్త్రకీర్తికి మూలస్తంభం 1774లో ప్రకటించిన గర్భాశయ నిర్మాణ గ్రంథం. అందులోని 34 చిత్రఫలకాలు వైద్యశాస్త్రానికి మహోపకారం చేసినవి. అవి గర్భవతులుగా మరణించిన స్త్రీల దేహాలను చూచి గీచినవి. నాడు విద్యార్థుల పరిశీలనకు చట్టప్రకారం లభించే శవాలు బహుకొద్ది. సమాధులు త్రవ్వి దొంగిలించినవే లండను విద్యాలయాలకు ఎక్కువగా చేరేవి. ఆ స్త్రీల సమ్మతిని ఎవరూ కోరలేదు. వారి పేర్లను ఆ గ్రంథం నమోదు చేయలేదు.

అరుదైన ఒక్క నాణెంపైని పేరు కోసం పండితులు మూడు శతాబ్దాలుగా వాదించుకొంటున్నారు. ఎందరో తల్లుల ప్రాణరక్షణకు తోడ్పడిన ఆ స్త్రీల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. హంటర్ వదలిపెట్టిన సంపద గొప్పది; దానితో పాటు ఈ ఋణమూ వచ్చినది. ఆ ప్రదర్శనశాలలో నాణేల ఎదుట నిలిచినవారు చిత్రఫలకాల ఎదుట కూడా ఒక్క క్షణమాగి, ఆ అజ్ఞాత స్త్రీలను స్మరించుట ధర్మం.