క్షమకు క్రమమున్నది: మైత్రీభావన చరిత్ర

క్షమా శబ్దానికి మూలమైన ‘క్షమ్’ ధాతువుకు సహనమని అర్థం. భూదేవికి క్షమ అనే నామం ఏర్పడినదీ ఆ సహనం వల్లనే. తనను త్రవ్వినవానిని సైతం ఆమె భరిస్తున్నది. మనుష్యుని మనస్సుకు అంతటి శక్తి సహజంగా లేదు. ఆప్తుడు చేసిన ద్రోహం, నలుగురిలో జరిగిన అవమానం, కన్నవారు పలికిన పరుషవాక్యం ఏండ్ల తరబడి హృదయంలో ములుకువలె నిలిచి ఉంటాయి. అట్టి వ్యథను అనుభవిస్తున్నవానితో ‘క్షమించు’ అనడం సులభం. ఎట్లా క్షమించాలో చెప్పకపోతే ఆ ఉపదేశమే అతనికి రెండవ గాయమవుతుంది. క్షమించలేకపోయాననే అపరాధభావం మొదటి దుఃఖానికి తోడవుతుంది.

భగవద్గీత 12వ అధ్యాయంలోని 13వ శ్లోకం ఈ విషయంలో ఒక క్రమాన్ని స్ఫురింపజేస్తున్నది. భక్తుని లక్షణాలలో అది మొదట ద్వేషరాహిత్యాన్ని, పిమ్మట మైత్రిని, కరుణను చెప్పి, మమకారాహంకారాల త్యాగాన్ని, సుఖదుఃఖసమత్వాన్ని పేర్కొని, చివరకు క్షమాగుణం వద్ద ముగుస్తున్నది. ఆ వరుసను అనుసరిస్తే క్షమ ఫలమే కాని ప్రథమసోపానం కాదు. ఈ సోపానాలను ఒక్కొక్కటిగా విడదీసి, ఏకాంతంలో కూర్చున్న సాధకుడు దేని తరువాత దేనిని భావించాలో అభ్యాసవిధిగా గ్రంథస్థం చేసినవారు బౌద్ధాచార్యులు.

ఆ విధికి ఆధారం నాలుగు భావనలు: మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష. పాలి వాఙ్మయం వీటిని బ్రహ్మవిహారాలు అంటున్నది. దీఘనికాయంలోని తేవిజ్జసుత్తంలో వాసెట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు బ్రహ్మసాయుజ్యానికి ఋజుమార్గమేదని వాదించుకొని బుద్ధుని ఆశ్రయిస్తారు. ఆయన వారికి ఈ నాలుగు భావనలనే మార్గంగా ఉపదేశించాడు. పతంజలి యోగసూత్రాల సమాధిపాదంలోని 33వ సూత్రం సైతం ఇవే నాలుగింటిని, ఇదే వరుసలో, చిత్తప్రసాదనానికి ఉపాయంగా చెప్పినది.

పేర్లు ఒకటే అయినా వినియోగంలో భేదమున్నది. యోగసూత్రం సుఖుల యెడ మైత్రిని, దుఃఖితుల యెడ కరుణను, పుణ్యశీలుర యెడ ముదితను, అపుణ్యశీలుర యెడ ఉపేక్షను విధించినది. అంటే అపకారి విషయంలో యోగి చేయవలసినది, వాని దోషాన్ని మననం చేయకుండా చిత్తాన్ని మరల్చుకోవడం. గాయపడిన మనస్సుకు ఇది తొలి ఆశ్రయం. బౌద్ధసంప్రదాయం ఈ నాలుగింటినీ సర్వప్రాణుల యెడ వ్యాపింపజేయమన్నది. అక్కడ శత్రువు సైతం మైత్రికి పాత్రుడే. అపకారి దూరస్థుడైతే ఉపేక్ష చాలవచ్చు. అతడు సోదరుడో, జీవితభాగస్వామియో, ప్రతిదినం ఎదురుపడేవాడో అయితే ముఖం త్రిప్పుకున్నంత మాత్రాన హృదయం శాంతించదు. అక్కడ మైత్రీభావన అవసరమవుతుంది.

ఈ భావనకు సమగ్రమైన విధానాన్ని అందించిన గ్రంథం, క్రీ.శ. 5వ శతాబ్దంలో సింహళద్వీపంలో బుద్ధఘోషాచార్యులు పాలి భాషలో రచించిన విసుద్ధిమగ్గ, అనగా విశుద్ధిమార్గం. సింహళ చరిత్రగ్రంథమైన చూళవంసం ప్రకారం ఆయన బోధివృక్ష సమీపంలో బ్రాహ్మణకులంలో జన్మించి, వేదత్రయాన్ని అభ్యసించి, వాదంలో రేవతస్థవిరునికి లోబడి భిక్షువైనారు. అనురాధపుర మహావిహారంలోని స్థవిరులు పరీక్షార్థం ఇచ్చిన రెండు గాథలకు వివరణగా ఈ గ్రంథం వెలసినది.

ఆంధ్రదేశానికీ ఈ పరంపరకూ సంబంధమున్నది. విశుద్ధిమార్గపు ముగింపు వాక్యంలో ఆచార్యుని విషయమై పేర్కొనబడిన మోరండఖేటక గ్రామాన్ని గుంటూరు ప్రాంతంలో గుర్తించిన పండితులున్నారు. వినయవ్యాఖ్య అయిన సమంతపాసాదికలో అంధకట్ఠకథ అనే ఆంధ్రవ్యాఖ్య ప్రస్తావన కనిపిస్తుంది. అంతకు పూర్వమే, ఇక్ష్వాకుల కాలంలో, నాగార్జునకొండపై సింహళవిహారమున్నట్లు శాసనం తెలుపుతున్నది. అశ్వమేధ వాజపేయాది క్రతువులు చేసిన శాంతమూల మహారాజు సోదరి శాంతిశ్రీ అక్కడి మహాచైత్యానికి దాత్రి. ఒకే రాజగృహంలో యజ్ఞమూ చైత్యారాధనమూ ప్రక్కప్రక్కనే సాగినవి.

విశుద్ధిమార్గం 9వ పరిచ్ఛేదం మైత్రీభావనతో ఆరంభమవుతుంది. సాధకుడు ముందుగా ద్వేషంలోని దోషాన్ని, క్షాంతిలోని గుణాన్ని పర్యాలోచించాలి. పిమ్మట తాను సుఖంగా, దుఃఖరహితంగా ఉండాలని తన యెడనే మైత్రిని భావించాలి. తనను దృష్టాంతంగా నిలుపుకొన్నప్పుడే, తనవలెనే ఇతరులూ సుఖాన్ని కోరుతారనే ఎరుక కలుగుతుంది. తరువాత గురువు వంటి గౌరవపాత్రుడు, అటుపై మిక్కిలి ప్రియుడైన మిత్రుడు, ఆపై ఉదాసీనుడు, చిట్టచివర వైరి. ఒకరి యెడ చిత్తం మృదువై వశమైన తరువాతనే తదుపరి వ్యక్తి వద్దకు పోవాలి. ఆరంభంలోనే వైరిని తలచుకుంటే క్రోధమే పుడుతుంది కనుక ఆచార్యులు దానిని స్పష్టంగా నిషేధించారు.

క్రమం తప్పకుండా వచ్చినా, వైరిని తలచగానే పాత అపకారం గుర్తుకు వచ్చి క్రోధం రగులవచ్చు. అప్పుడు సాధకుడు వెనుకకు మరలి, పూర్వం చెప్పిన వ్యక్తుల యెడ మైత్రిని మరల మరల అభ్యసించాలి. అప్పటికీ శమించకపోతే అనేక ఉపాయాలు చెప్పబడినవి. ఇతరునిపై విసరడానికి నిప్పుకణికను చేతబట్టినవాడు ముందు తానే కాలుతాడని తలచడం ఒకటి. వైరి యొక్క కాయ వాఙ్మనస్సుల వ్యవహారంలో ఏ ఒక్కటి శాంతమై ఉన్నా దానినే చూడడం ఇంకొకటి. అనాదియైన సంసారంలో ఇతడు ఒకప్పుడు తనకు తల్లియో తండ్రియో అయినాడని స్మరించడం వేరొకటి. తన క్రోధం వాని కేశాలపైనా, నఖాలపైనా, పృథివీధాతువుపైనా, జలధాతువుపైనా అని విభజించి ప్రశ్నించుకోవడం మరొకటి. పంచభూతవివేకం ఎరిగిన వేదాంతికి ఈ విచారణ పరాయిది కాదు.

ఇవేవీ ఫలించకపోతే చివరి ఉపాయం దానం. వైరికి తన వస్తువునొకదానిని ఇవ్వాలి, అతడిచ్చినదానిని స్వీకరించాలి. చిత్తలపర్వత విహారంలో తనను మూడుసార్లు వసతి నుండి లేపివేసిన స్థవిరునికి, ఒక భిక్షువు తన తల్లి ఇచ్చిన ఎనిమిది కహాపణాల విలువగల భిక్షాపాత్రను సమర్పించినట్లు ఆచార్యులు ఉదాహరించారు. మాట పెగలనిచోట వస్తువు ముందుగా వెళ్ళి దారి తెరుస్తుంది.

భావన సిద్ధించినదని తెలిసేదెట్లా? సాధకుడు, ప్రియుడు, ఉదాసీనుడు, వైరి ఒకచోట కూర్చుండగా చోరులు వచ్చి, చంపడానికి ఒకరిని అప్పగించమన్నారని ఊహించుకోవాలి. ఫలానావానిని తీసుకొనిపొమ్మని తలచితే భావన సిద్ధించలేదు. వారిని విడిచి తననే తీసుకొనిపొమ్మని తలచినా సిద్ధించలేదు. నలుగురిలో ఒక్కరిని సైతం అప్పగింపదగినవానిగా చూడనప్పుడే తన, పర అనే సీమలు తొలగుతాయి. దీనికి సీమాసంభేదమని పేరు.

ఇందులో సాధకులు ముఖ్యంగా గ్రహించవలసిన అంశమొకటి ఉన్నది. తనను బలియిచ్చుకోవడం క్షమ కాదు. మైత్రికి తానూ పాత్రుడే. హింసించేవాని చేతిలో మౌనంగా పడి ఉండడమే సహనమని బోధించడం ఈ విధికి విరుద్ధం. దూరంగా నిలిచి రక్షణ పొందుతూనే ద్వేషాన్ని విడువవచ్చు. న్యాయాన్ని అర్థిస్తూనే, అపరాధికి కీడు కోరే బుద్ధిని త్యజించవచ్చు. తప్పును ఒప్పని చెప్పమని ఈ శాస్త్రం ఎక్కడా అడగలేదు.

ఈ అభ్యాసం గ్రంథాలలోనే నిలిచిపోలేదు. సనాతన హిందూ కుటుంబంలో జన్మించిన సత్యనారాయణ గోయెంకా తీవ్రమైన శిరోవేదనతో 1955లో బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ గారిని ఆశ్రయించి విపశ్యనను అభ్యసించారు. 1969లో దానిని భారతదేశానికి తెచ్చారు. హైదరాబాదులో 1976లో ధమ్మఖేత్త కేంద్రం ఏర్పడినది. 1994లో తీహారు కారాగారంలో జరిగిన శిబిరంలో వేయిమందికి పైగా బందీలు కూర్చున్నారు. పదిరోజుల ఆ శిబిరంలో ముందు శ్వాసను, పిమ్మట దేహంలోని వేదనలను సమభావంతో గమనించడం నేర్పి, మైత్రీభావనను చివరకు ఉంచుతారు. తన వ్యథను తాను నిదానంగా చూసిన తరువాతనే ఇతరుల క్షేమాన్ని కోరడమనే వరుస ఇక్కడా కనిపిస్తుంది.

ఇష్టదేవతాజపం ముగించిన పిమ్మట, ఆసనం నుండి లేవకముందే, భక్తులు ఈ భావనకు కొంత సమయం కేటాయించవచ్చు. తొలి దినాలలో తన క్షేమాన్ని, తరువాత గురువు క్షేమాన్ని, క్రమంగా మిత్రుని, దారిలో కనిపించే అపరిచితుని క్షేమాన్ని కోరాలి. వైరి పేరు తలచడానికి తొందర వలదు. తలచినప్పుడు మనస్సు కుతకుతలాడితే గురుస్మరణకు తిరిగి రావాలి. ఆ చివరి వ్యక్తి వద్దకు చేరడానికి మాసాలు పట్టినా, సంవత్సరాలు పట్టినా అది భక్తిలోపం కాదు. ఆచార్యులు వైరిని చివర ఉంచినదీ ఆ కష్టాన్ని ఎరిగియే.