బిడ్డల సంరక్షణ - నేరముల దస్త్రము

ఉదయము పూట మెదకు పట్టణపు వీధులలో నడచినచో ఒక దృశ్యము ప్రతిదినము కానవచ్చును. పనికి పోవు తల్లి బిడ్డను చంకనెత్తుకొని అంగన్‌వాడీ గుమ్మము వరకు వచ్చును. ఆయా చేతికి బిడ్డను అందించి, ఒకసారి వెనుదిరిగి చూచి వెడలిపోవును. ఆ అందించుటలో ఉన్న నమ్మకము సామాన్యమైనది కాదు. తన బాధ తాను చెప్పుకొనలేని పసిప్రాణిని మరియొకరి చేతిలో కొన్ని గంటలు విడుచుట అది. ఆ చేతులు ఎటువంటివో తల్లికి ఎట్లు తెలియును? తెలిసికొను భారము ఎవరిది? పూర్వమెన్నడో నేరము చేసి శిక్షపడిన మనిషి బిడ్డలను సాకు పనికి తగునా, తగదా?

ఈ ప్రశ్న నేడు పుట్టినదివలె తోచును గాని, తెలుగునాట దీనికి నూరేండ్లకు మించిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో ఒక పెద్ద పొరపాటు జరిగినది. నేటి నియమములను సరిగా గ్రహింపవలెనన్నచో ముందుగా ఆ పొరపాటును తెలిసికొనుట మంచిదని మా అభిప్రాయము.

మెతుకుసీమ పల్లెలలో పూర్వము బిడ్డను చూచుకొను మనిషిని గూర్చి విచారణ చేయుటకు దస్త్రములు లేవు. ఆమె ఏ ఇంటి ఆడపడుచో, ఏ ఇంటి కోడలో, నోటిమాట ఎట్టిదో ఊరికంతకును తెలిసియుండెడిది. ఈ ఎరుకలో సుగుణమును ఉన్నది, దోషమును ఉన్నది. తెలిసినవారిని నమ్ముట సుగుణము. తెలియనివారినందరిని అనుమానించుట దోషము. ఊరూర తిరుగు సంచార జాతులవారు ఈ అనుమానమునకు ఎల్లప్పుడును గురియగుచుండిరి. అయినను ఆ అనుమానము మాటలతో ముగిసెడిది. దానికి చట్టబలము చేకూర్చినది ఆంగ్ల ప్రభుత్వము.

1871వ సంవత్సరమున ‘క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు’, అనగా నేరస్థ జాతుల చట్టము వచ్చినది. సామాన్య చట్టము నేరము చేసినవానిని శిక్షించును. ఈ చట్టము ఒక తెగలో పుట్టిన వారినందరిని నేరస్థులుగా ఎంచుటకు వీలు కల్పించినది. మొదట ఉత్తర హిందూస్థానమున అమలైన ఈ విధానము 1911 చట్టముతో మదరాసు రాజధానికిని వ్యాపించినది. 1924లో మరల క్రోడీకరింపబడినది. ఒక జాతి పేరు ప్రకటితమైనచో ఆ జాతివారి పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కవలెను, వ్రేలిముద్రలు ఇయ్యవలెను, చెప్పిన వేళకు ఠాణాలో హాజరు పలుకవలెను, చీటి లేనిదే ఊరు దాటరాదు.

ఈ జాబితాలకెక్కిన జాతులలో ఎరుకలవారు ముఖ్యులు. వీరు ఎద్దులపై ఉప్పును, ధాన్యమును వేసికొని తీరప్రాంతమునుండి లోపలి సీమలకు తిరిగి వర్తకము చేసినవారు. రైలుమార్గములు పడినపిమ్మటను, ఉప్పుపై ప్రభుత్వపు పెత్తనము బిగిసినపిమ్మటను ఆ వర్తకము కూలిపోయినది. నైజాము రాజ్యమున లంబాడీల కథయు ఇట్టిదే. సేనల వెంట ధాన్యము మోసి దేశదేశములు తిరిగిన ఆ బిడారులకు రైళ్లు వచ్చిన తరువాత పని పోయినది. తుదకు వారిని అక్కడి ప్రభుత్వమును నేరస్థ జాతుల జాబితాలో చేర్చినది. నేడు మెదకు చుట్టుపట్ల మనము చూచు తండాలవారి తాతముత్తాతలు ఆ అపవాదును మోసినవారే.

కోస్తా జిల్లాలలో ఈ జాతుల కొరకు సెటిల్‌మెంట్లు వెలసినవి. బాపట్ల సమీపమున ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున ఏర్పడిన స్టూవర్టుపురము వీనిలో ప్రసిద్ధమైనది. మదరాసు గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యుడుగా ఉన్న సర్ హెరాల్డు స్టూవర్టు పేర అది వెలసినది. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీవారిది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారు మరియొక సెటిల్‌మెంటును నడిపిరి. అక్కడ వ్యవసాయము, చేతిపనులు, చదువు నేర్పుట జరిగినమాట నిజము. చీరాలలోని పొగాకు కర్మాగారమునకు కూలీలు స్టూవర్టుపురమునుండియే పోయెడివారు. కాని ఆ వసతులన్నియు హాజరుపట్టీ నీడలోనే లభించినవి.

ఇక ఈ చట్టములో బిడ్డలకు సంబంధించిన భాగమును చూడుడు. 1897లో చేసిన సవరణ, నాలుగేండ్లు మొదలుకొని పదునెనిమిదేండ్ల లోపు మగపిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి సంస్కరణాలయములలో ఉంచుటకు ప్రభుత్వములకు అధికారమిచ్చినది. 1924 చట్టము ఆరేండ్లు దాటి పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను అట్లే విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ పాఠశాలలలో చేర్చుటకు వీలు కల్పించినది. తల్లిదండ్రుల సావాసమే బిడ్డను చెరచునని వారి భావము. పరుల బిడ్డల మాట అటుండగా, తన కడుపున పుట్టిన బిడ్డను సాకుటకును తల్లి అనర్హురాలని చట్టము నిర్ణయించినదన్నమాట. అందుకు ఆమె ఏ నేరమును చేసియుండనక్కరలేదు. రిజిస్టరులో ఆమె తెగ పేరుండుట చాలును.

ఈ అన్యాయముపై పోరాడినవారిలో నెల్లూరువారైన వెన్నెలకంటి రాఘవయ్యగారిని తెలుగువారు మరువరాదు. యానాదుల కొరకును, ఎరుకలవారి కొరకును వారు జీవితమంతయు పాటుపడిరి. మదరాసు రాష్ట్రమున ఈ చట్టము 1947లోనే రద్దయినది. దేశమంతటి పరిస్థితిని విచారించుటకు 1949లో కేంద్రప్రభుత్వము నియమించిన సంఘమునకు అధ్యక్షుడు కూడ తెలుగు ప్రాంతమువారే; తిరుపతివారైన మాడభూషి అనంతశయనము అయ్యంగారుగారు. 1952 ఆగస్టు 31వ తేదీతో నేరస్థ జాతుల చట్టము దేశమంతటను తొలగినది. నాటినుండి ఆ జాతులకు ‘విముక్త జాతులు’ అను పేరు వచ్చినది.

పేరు మారినంతనే అలవాటు మారలేదు. పదేపదే నేరము చేయువారి కొరకు వేరు చట్టములు వచ్చినవి. ఆంధ్రప్రదేశమున అట్టి చట్టము 1962లో చేయబడినది. ఈ చట్టములు వ్యక్తి చేసిన నేరములను లెక్కింపవలసినవే గాని, ఆచరణలో పాత జాతులమీదనే చూపు నిలిచినదని ఆరోపణలు వినవచ్చినవి. స్టూవర్టుపురమున 1970 దశకమునుండి లవణముగారును, గుఱ్ఱము జాషువ కవిగారి కుమార్తె హేమలతా లవణముగారును ఇంటింటికి తిరిగి చేసిన సంస్కరణ కృషికి ఇదియే నేపథ్యము. మనిషి మారగలడని వారు నమ్మిరి. లోకము ఆ మార్పును ఒప్పుకొనునట్లు చేయుట అంతకంటె కష్టమైన పని. 2024 అక్టోబరు 3వ తేదీన సుప్రీముకోర్టు, చెరసాల నియమావళులలోని కులభేదములు రాజ్యాంగ విరుద్ధములని తీర్పు చెప్పుచు, విముక్త జాతులవారిని పుట్టుకతో నేరస్థులుగా చూచుటను ఖండించినది. 1952 తరువాత డెబ్బదిరెండేండ్లకును ఆ మాట చెప్పవలసివచ్చినది!

ఇంతవరకు విన్నవారు, అటులైనచో పాత దస్త్రములను చింపివేసి అందరిని నమ్మవలెనా యని అడుగవచ్చును. అది మా భావము కాదు. దస్త్రమును దుర్వినియోగము చేయుట ఎంత ప్రమాదమో, అవసరమైనచోట దానిని చూడకుండుటయు అంత ప్రమాదమే. ఇందుకు ఇంగ్లండులో జరిగిన ఒక ఘోరము నిదర్శనము. 2002 ఆగస్టులో సోహమ్ అను ఊరిలో పదేండ్ల బాలికలు ఇద్దరు హత్యకు గురియైరి. హంతకుడు ఒక పాఠశాలలో కేర్‌టేకరుగా పనిచేయుచున్నవాడు. వేరొక ప్రాంతమున అతనిపై పూర్వము పలుమారులు ఫిర్యాదులు వచ్చియుండెను. ఆ సమాచారము పాఠశాలవారికి చేరలేదు. దీనిపై జరిగిన బిచర్డు విచారణ 2004లో నివేదిక నిచ్చినది. పిల్లలతో పనిచేయువారి పూర్వచరిత్రను పరిశీలించు పద్ధతి ఆ పిమ్మట ఆ దేశమున పూర్తిగా మారినది.

మన దేశమున లైంగిక నేరములనుండి బాలలను కాపాడు పోక్సో చట్టము 2012 నవంబరు 14వ తేదీన, అనగా బాలల దినోత్సవమునాడు, అమలులోనికి వచ్చినది. దాని క్రింద 2020లో చేసిన నియమములు మన ప్రశ్నకు నేరుగా సమాధానమిచ్చుచున్నవి. పాఠశాల గాని, శిశుసంరక్షణ కేంద్రము గాని, క్రీడాశిక్షణాలయము గాని, పిల్లలతో నిత్యసంబంధముగల ఏ సంస్థయైనను తన సిబ్బందిని గూర్చి పోలీసు విచారణ చేయింపవలెను. ఉపాధ్యాయునికి మాత్రమే కాదు. వంటమనిషికి, బస్సు డ్రైవరుకు, కాంట్రాక్టు మీద వచ్చిన ఆయాకు కూడ ఇది వర్తించును. ఒకసారి చేయించి ఊరకుండుటయు చాలదు; అప్పుడప్పుడు మరల చేయింపవలెను. బాలన్యాయ చట్టము 2015 ప్రకారము, నైతిక పతనముతో కూడిన నేరమునకు శిక్షపడి, ఆ శిక్ష రద్దు కానివాడు బాలల సంక్షేమ సమితిలో సభ్యుడు కారాదు. 2022 నాటి దత్తత నిబంధనలు ఇంకను కఠినమైనవి. ఏ నేరమునకైనను శిక్షపడినవారు, బాలల హక్కులను భంగపరచిన ఆరోపణ ఉన్నవారు దత్తత తీసికొనుటకు అర్హులు కారు.

నియమము ఇట్లున్నది. ఇక దస్త్రమును చదువుట ఎట్లు? ఇచ్చటనే గృహస్థులు పొరపడుచుందురు. ‘ఆయనమీద కేసున్నదట’ అన్న మాటలో నాలుగైదు వేరు వేరు సంగతులు దాగియుండవచ్చును. ఫిర్యాదు నమోదగుట ఒకటి. చార్జిషీటు పడుట మరియొకటి. న్యాయస్థానము నేరము రుజువైనదని చెప్పుట వేరు. నిర్దోషియని విడిచిపెట్టుట వేరు. పోలీసులు తమ పరిశీలన కొరకు తెరచు రౌడీషీటు న్యాయస్థానపు తీర్పు కాదు. శిక్షపడిన నేరములును అన్నియు ఒక్కతూకమువి కావు. పొలముగట్టు తగాదాలో చేయిచేసికొని జరిమానా కట్టిన మనిషిని, పిల్లలను హింసించిన మనిషిని ఒక్క గాటను కట్టుట న్యాయము కాదు.

2016లో అవతార్ సింగు అను వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఈ తారతమ్యమునే చెప్పినది. ఉద్యోగార్థి తన కేసును దాచరాదు. దాచినను, అది పడుచుతనమున నినాదములు చేయుట వంటి స్వల్పవిషయమైనచో యజమాని మన్నింపవచ్చును. నేరము తీవ్రమైనదైనచో ఉద్యోగము నిరాకరింపవచ్చును. చేపట్టబోవు పని ఎట్టిదో కూడ చూడవలెను.

బాల్యమున తప్పటడుగు వేసినవారి విషయములో చట్టము మరింత దయ చూపినది. బాలన్యాయ చట్టము ప్రకారము విచారింపబడిన బాలునికి ఆ కారణమున ఏ అనర్హతయు కలుగరాదు. పదునాఱేండ్లు దాటి, ఘోరనేరము చేసి, పెద్దలతో సమానముగా విచారింపబడినవారికి మాత్రము ఈ రక్షణ లేదు. ముగిసిన కేసు వివరములను సచ్చీలతా పత్రము కొరకైనను పోలీసులు వెల్లడింపరాదు. బిడ్డకు క్రొత్త జీవితము నారంభించు హక్కు కలదని ఆ చట్టపు మూలసూత్రములలో ఒకటి. పదునాలుగవ ఏట సైకిలు దొంగిలించిన బాలుడు ముప్పదవ ఏట బడిపిల్లలకు ఆటలు నేర్పు మాస్టరు కావచ్చునన్నమాట. ఒకప్పుడు నాలుగేండ్ల పసివానిని తెగ పేరుతో తల్లినుండి విడదీసిన దేశము ఈ సూత్రమునకు వచ్చుట చిన్న ప్రయాణము కాదు.

ఇంకొక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. దస్త్రమున ఏమియు లేదన్నంత మాత్రమున నిశ్చింతగా ఉండరాదు. పిల్లలపై జరుగు అకృత్యములు పెక్కు బయటికి రావు; బయటికి రానిది దస్త్రమున చేరదు. కావున పోలీసు విచారణతో పాటు, ముందు పనిచేసిన చోట అడిగి తెలిసికొనుట, పిల్లల గదికి ఎవరైనను ఎప్పుడైనను వచ్చి చూచు వీలుండుట, ఇంటికి వచ్చిన బిడ్డ చెప్పు మాటను ఓపికతో వినుట అవసరము. ఇంటిలో ఆయాను పెట్టుకొను గృహస్థులకును ఈ జాగ్రత్తలు వర్తించును.

2016 అక్టోబరు 11వ తేదీనుండి మెదకు పట్టణమే జిల్లా కేంద్రమైనది. అంతకుముందు సంగారెడ్డికి పోయి చేసికొనవలసిన పనులు ఇప్పుడు ఊరిలోనే జరుగుచున్నవి. ఈ పట్టణమున ఒక శిశుసంరక్షణ కేంద్రమునకు సమీపపు తండానుండి ఒక యువతి ఆయా పనికి దరఖాస్తు పెట్టినదనుకొందము. ఆమె ముత్తాత పేరు నైజాము కాలపు రిజిస్టరులో ఉండియుండవచ్చును. ఆ సంగతితో నిర్వాహకులకు పనిలేదు. అదే దినమున పట్టణములోని పేరున్న కుటుంబమునుండి మరియొకరు దరఖాస్తు పెట్టినచో, పెద్దింటివారని విచారణ మానరాదు. ఇద్దరిని గూర్చియు ఒకే కాగితము ఠాణాకు పోవలెను. ఒకే ప్రశ్నలు అడుగవలెను. వచ్చిన సమాధానమున ఎవరు ఏమి చేసిరో చూడవలెను గాని, ఎవరింట పుట్టిరో చూడరాదు. అప్పుడే గుమ్మమువద్ద బిడ్డను అందించి వెడలు తల్లి, వెనుదిరిగి చూడకున్నను, నెమ్మదిగా తన పనికి పోగలుగును.