టెల్నెట్ తీగపై తెలుగు మాట: పాఠ్యాధారిత ఆటల క్లయింట్లు – ఉద్దానం నుంచి ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

పలాస, టెక్కలి, ఉద్దానం – శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఈ మూడు స్థలనామాలూ చెవికి మూడేసి అక్షరాలే. యూనికోడ్ లెక్కలో పలాసకు 4 సంకేతాలు, టెక్కలికి 7, ఉద్దానానికి 7. యుటిఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కనుక అవి వరుసగా 12, 21, 21 బైట్లవుతాయి. పలికే అక్షరానికీ యంత్రం లెక్కించే బైటుకూ మధ్య ఉన్న ఈ అంతరం ఒక ప్రత్యేక రంగంలో తెలుగుకు ఎలా అడ్డుపడిందో, ఆ అడ్డును ఎంతవరకు తొలగించవచ్చో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ రంగం, అనేకులు ఒకేసారి అంతర్జాలంలో కేవలం మాటలతో ఆడే పాఠ్యాధారిత ఆటలు. వీటిని ‘మడ్’ అంటారు.

ఆట పుట్టుక, క్లయింటు అవసరం

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా ప్రారంభించగా, రిచర్డ్ బార్టిల్ విస్తరించిన ఆటతో ఈ ప్రక్రియ మొదలైంది. ఇందులో బొమ్మలుండవు. సర్వరు ఒక గదిని వర్ణిస్తుంది. ఆటగాడు ఆజ్ఞను టైపు చేస్తాడు. అదే గదిలో ఉన్న ఇతరులతో మాట్లాడతాడు. 1989లో జేమ్స్ యాస్ప్‌నెస్ రచించిన టైనీమడ్, 1991లో కోపెన్‌హాగెన్ విద్యార్థులు విడుదల చేసిన డికూమడ్ దీనిని విశ్వవిద్యాలయాల్లో వ్యాప్తి చేశాయి.

తొలినాళ్లలో ఆటగాళ్లు టెల్నెట్ ద్వారా నేరుగా సర్వరుకు అనుసంధానమయ్యేవారు. ఒకరు వాక్యం టైపు చేస్తుండగానే మరొకరి మాట వచ్చి దాని మధ్యలో పడేది. ఈ ఇబ్బంది నుంచే క్లయింటు సాఫ్ట్‌వేర్ పుట్టింది. టైనీటాక్, దాని నుంచి రూపొందిన టైనీఫ్యూగ్, తరువాత విండోస్‌లో జీమడ్, మష్‌క్లయింట్, ఇటీవలి మడ్‌లెట్ ఈ కోవకు చెందినవి. ఇవి టైపు చేసే వరుసను విడదీశాయి. పొడవైన ఆజ్ఞకు పొట్టి మారుపేరు పెట్టుకునే సౌకర్యాన్నీ, సర్వరు నుంచి ఫలానా వాక్యం రాగానే ఫలానా పని జరిగేలా చేసే ‘ట్రిగ్గర్’నూ ఇచ్చాయి.

తెలుగు ఎక్కడ రాలిపోయింది?

తెలుగు లిపికి సంకేతాలు లేకపోవడం ఇందుకు కారణం కాదు. భారతీయ లిపులకు ‘ఇస్కీ’ ప్రమాణం 1991లో ఖరారైంది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులో తెలుగు ఉంది. 1992లో రూపొందిన యుటిఎఫ్-8 టెల్నెట్‌కు విరుద్ధమైనదీ కాదు. టెల్నెట్ తన అంతర్గత ఆజ్ఞలకు 255 విలువ గల బైటును కేటాయించుకుంది. యుటిఎఫ్-8లో ఆ బైటు ఎన్నడూ రాదు. ఏ లిపి సంకేతాలు వాడాలో ఇరుపక్షాలూ ఒప్పందం చేసుకునే పద్ధతిని కూడా 1997లో టెల్నెట్‌కు చేర్చారు. అంటే తీగ తెలుగును మోయగలదు.

అడ్డు తీగకు రెండు చివరలా ఉంది. డికూమడ్ ఆటగాడి నుంచి వచ్చిన ప్రతి బైటునూ పరీక్షించి, ఆస్కీ అక్షరం కానిదాన్ని మౌనంగా వదిలేసేది. ఆ ఆటలో ‘ఉద్దానం’ అని టైపు చేస్తే 21 బైట్లలో ఒక్కటీ మిగలదు. తప్పు జరిగిందన్న హెచ్చరికా రాదు. ఇవతలి చివరన పాత క్లయింట్లు ఒక బైటుకు తెరమీద ఒక గడి అని భావించి, 80 గడులకు ఒక వరుసను తుంచేవి. 80ని 3 భాగించదు కనుక తెలుగు వరుస ఒక సంకేతం నడుమనే తెగిపోతుంది.

భారతదేశంలో 1995 ఆగస్టు 15న విఎస్ఎన్ఎల్ ప్రజలకు అంతర్జాలాన్ని అందించినప్పుడు అక్షరాలు మాత్రమే కనిపించే షెల్ ఖాతాలు కూడా ఇచ్చింది. ఈ ఆటలకు అంతకన్నా అనువైన తెర లేదు. అయితే ఆ తెరమీద ఆడదలచిన తెలుగు విద్యార్థి ముందుగా ఆంగ్ల పాఠకుడు కావలసివచ్చింది.

క్లయింటు చేయగలిగినది, చేయలేనిది

సర్వరును మార్చే అధికారం ఆటగాడికి లేదు; క్లయింటు మాత్రం అతని చేతిలోనిదే. ‘దీపం తీసుకో’ అన్న మాటను ‘గెట్ ల్యాంప్’ అనే ఆజ్ఞగా మార్చే మారుపేరును యుటిఎఫ్-8 తెలిసిన క్లయింటులో రాసుకోవచ్చు. సర్వరుకు చేరేది ఆస్కీ మాత్రమే కనుక అది అభ్యంతరపెట్టదు. తిరుగుదారిలో ట్రిగ్గర్ ఆంగ్ల వాక్యాన్ని తెలుగు చేసి చూపుతుంది.

ఇక్కడ వ్యాకరణం ప్రవేశిస్తుంది. ఆంగ్ల ఆజ్ఞలో క్రియ ముందు, తెలుగులో చివర. దీపం, దీపాన్ని, దీపంతో అనే విభక్తి రూపాలన్నింటినీ ఒకే వస్తువుగా గుర్తించాలి. కనుక మారుపేరు క్రియను వాక్యాంతంలో వెదకాలి. నామవాచకాలకు వేరే పట్టిక ఉండాలి. ఇది ప్రోగ్రామరుతో పాటు భాషాశాస్త్ర విద్యార్థి కూడా పాలుపంచుకోవలసిన పని.

దీని పరిమితి కూడా స్పష్టమే. ఆజ్ఞలకు అనువాదం సరిపోతుంది, సంభాషణకు సరిపోదు. బారువ తీరం నుంచి ఒకరు, పలాస నుంచి మరొకరు ఒకే గదిలో చేరి తెలుగులో మాట్లాడుకోవాలంటే సర్వరే ఆ బైట్లను అనుమతించాలి.

ముగింపు

అనుమతించిన రోజున ఏ తెలుగు అన్న ప్రశ్న వస్తుంది. ఈ ఆటల్లో రాత రాతగా కాక మాటగా సాగుతుంది. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, పర్లాకిమిడిలో బోధించి, వాడుకభాష కోసం వాదించిన గిడుగు రామమూర్తి (1863–1940) లేవనెత్తిన సమస్య ఇక్కడ ఆజ్ఞల పట్టిక రూపంలో ఎదురవుతుంది. ఆ పట్టికలో ‘వెళ్లు, కూర్చో, చెప్పు’ మాత్రమే ఉంటే, ‘ఎల్లు, కూకో, సెప్పు’ అనే ఆటగాడికి ఆంగ్లం స్థానంలో మరో పరాయి గ్రంథభాష ఎదురైనట్టే. రెండు రూపాలనూ ఒకే ఆజ్ఞకు మారుపేర్లుగా చేర్చడానికి క్లయింటులో పట్టేది ఒకటి రెండు వరుసలే. ఆ వరుసలు రాయాలంటే ముందు ఉద్దానం మాటను విని నమోదు చేయాలి. కళాశాలల తెలుగు, కంప్యూటర్ శాఖలు కలిసి చేపట్టదగిన పరిశోధన ఇది.