పాత ఫిరంగులు

పురావస్తువులనగానే మనవారికి దేవాలయములు, శాసనములు, శిల్పములు స్ఫురించును. శిథిలమైన కోటబురుజుమీద ఎండకు కాగి, వానకు నాని, త్రుప్పుపట్టి పడియున్న ఫిరంగి స్ఫురింపదు. పిల్లలు దానిపై స్వారి చేయుదురు. పెద్దలు దాని కానుకొని విశ్రమింతురు. పాతయినుము కొనువాడొక్కడే దానిని శ్రద్ధతో చూచును. ఈ ఉపేక్ష తగదని మా అభిప్రాయము. ఫిరంగిని చదువ నేర్చినచో నాటి లోహవిద్యయు, రాజనీతియు, దానిని లాగిన జనుల కష్టమును ఒక్కచోటనే కానవచ్చును. అయితే అట్లు చదువుటకు అది ఉన్నదున్నట్లు మిగిలియుండవలెను. బాగుచేయుదుమని చెడగొట్టుటయు, భద్రపరుతుమని స్థానము తప్పించుటయు మనకు క్రొత్త గావు.

ఇందుకు నేటి పల్నాడు జిల్లాలోని అమరావతియే సాక్షి. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 18వ శతాబ్దపు చివర నచ్చట నూతన నగరము కట్టించునపుడు, దీపాలదిన్నె యనబడు దిబ్బను ఇటుకలకును రాళ్లకును త్రవ్వించెను. చెక్కడపు రాళ్లు కొన్ని గోడలలో చేరెను; కొన్ని సున్నముగా కాలిపోయెను. పిమ్మట కర్నల్ మెకంజీ వచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన ఫలకములు మదరాసు చేరెను. వానిలో పెక్కులు 1859లో ఓడనెక్కి లండనుకు పోయెను. నేడవి రెండు మహానగరముల ప్రదర్శనశాలలలో భద్రముగనే యున్నవి. కాని ఏ ఫలకము స్తూపమున నేస్థానమున నుండెడిదో నిర్ణయించుటకు పండితు లిప్పటికిని శ్రమించుచున్నారు. వస్తువు దక్కినను దాని వాక్యము తెగిపోయినది. రాతికి జరిగినదే లోహమునకును జరుగుచున్నది.

ఫిరంగుల కథ తెలిసికొనగోరువారు గండికోటకు పోవలెను. పెన్న ఒడ్డున నిట్టనిలువు కొండపై నున్న ఆ దుర్గము పెమ్మసానివారి పాలనలో నుండగా, గోలకొండ సుల్తాను మంత్రియగు మీర్ జుమ్లా 1650 ప్రాంతమున దానిని వశపరచుకొనెను. 1652లో అచటికి వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఆ ముట్టడిని తన యాత్రాగ్రంథమున వర్ణించినాడు. ఆ కొండదారిని ఫిరంగులను పైకెక్కించుట అసాధ్యముగా నుండెనట. మీర్ జుమ్లా తన కొలువులోని ఐరోపా గోలందాజులకు మామూలు జీతముపై మరి నాలుగు మాసముల జీత మిత్తునని ఆశ చూపగా, వారు నాలుగు ఫిరంగుల నెక్కించి, కోటవాకిలిపై నున్న ఫిరంగిని చెడగొట్టి, తలుపు సగము పడగొట్టిరట. అంతట కోటలోనివారు సంధికి వచ్చిరి. ఇన్ని దినములు కోటను కాపాడినది గోడకంటె కొండయే; దానిని గెలిచినది మందుకంటె మోకును మీటకొయ్యయు ననవచ్చును.

తరువాతి కథ మరింత విచారింపదగినది. గెలిచిన కోటలో మీర్ జుమ్లా ఫిరంగుల పోత ప్రారంభించెను. 48 పౌనుల గుండు విసరునవి పది, 24 పౌనులవి పది పోయుటకు క్లోద్ మాయే యను ఫ్రెంచివానిని నియమించెను. లోహ మెక్కడిది? చుట్టుప్రక్కల ఆలయములలోని విగ్రహములను తెప్పించిరి. గండికోట పెద్దగుడిలోని ఆరు విగ్రహములు మాత్ర మెంత కాచినను కరుగలేదనియు, పూజారులు మంత్రించిరని నవాబు వారిని బెదిరించెననియు టావెర్నియే వ్రాసినాడు. తుదకు ఒక్క ఫిరంగియైనను సరిగా రాలేదు. కొన్ని పగిలెను, కొన్ని అసంపూర్ణముగా నిలిచెను. మాయే కొలువు విడిచి పోయెను. దీనిని మహిమ యనువారితో మేము కలహింపము. కాని ఫిరంగికంచున తొమ్మిది పది పాళ్ల రాగికి ఒక పాలు తగర ముండవలెను, మూస యెండియుండవలెను, లోహమంతయు నొకేమారు ధారగా దిగవలెను. పలుతావుల విగ్రహములలోని పలుపాళ్ల లోహమును కలిపి పోసిన పోత పగులుట వింత కాదు. భక్తులు పూజించిన మూర్తులు పోయినవి. రాజు కోరిన ఆయుధములును రాలేదు. యుద్ధము చేయు వ్యర్థవ్యయమునకు ఇంతకంటె నిదర్శన మేల?

పోతపోయక ఇనుమును కొట్టి అతికిన ఫిరంగులు వేరొక జాతి. తెలుగు నాయకరాజు లేలిన తంజావూరులో తూర్పుకోటపై నున్న రాజగోపాల ఫిరంగి అట్టిది. పొడుగాటి ఇనుపపట్టెలను గొట్టముగా పేర్చి, పైని కాచిన కడియములను తొడుగగా, అవి చల్లారి బిగుసుకొని ఒకటైనవి. దాని పొడవు సుమారు 25 అడుగులు, బరువు సుమారు 22 టన్నులు. దీనిని చేసిన కమ్మరుల పేర్లు మన కందలేదు. వారి సమ్మెటదెబ్బలే వారి సంతకములు.

గోలకొండ బురుజులపై ఔరంగజేబు కాలపు కంచుఫిరంగులు రెండు కలవు. ఒకటి ఫతే రహబర్, అనగా విజయమునకు దారి చూపునది. రెండవది అజ్దహా పైకర్, అనగా మహాసర్పాకారము. ఇంత గంభీరమైన నామములు గల సాధనము లుండియు, 1687లో ఎనిమిది మాసముల ముట్టడికి లొంగని కోట, లంచము తిన్న సేనాని ఒకడు రాత్రివేళ ద్వారము తెరవగా పడిపోయెను. ఈ సంగతి ఆ ఫిరంగుల ప్రక్కను నిలిచినపుడు బోధపడునట్లు మరెక్కడను బోధపడదు. అందుచేతనే వస్తువు దాని తావున నుండవలెనని మే మనుట.

వీనిని లాగినవారెవరు? ఏనుగులు, ఎడ్లు, మనుష్యులు. మైసూరు అమృతమహలు ఎడ్లు హైదరాలీ సేనను రెండున్నర దినములలో నూరుమైళ్లు నడిపించినవని ప్రసిద్ధి. రాజుల పేర్లు ఫిరంగులపై చెక్కబడినవి. కాడి మోసిన ఎద్దుకును, బురదలో చక్రమునకు భుజమిచ్చిన కూలికిని శాసనము లేదు. ఆ బరువును కన్నులార చూచినపుడే వారి కష్టము మనకు తలంపునకు వచ్చును.

ఇక వీనిని కాపాడు విధము. కదలించుటకు ముందే కొలతలు, ఛాయాచిత్రములు, మూతి చూచు దిక్కు, క్రింది దిమ్మె యాకారము వ్రాసికొనవలెను. గొట్టములో పాత మందును గుండును మిగిలియుండవచ్చును గావున, తెలిసినవారు పరీక్షించువరకు నిప్పును, సుత్తిని దరిజేరనీయరాదు. ఎత్తునపుడు ఇనుపగొలుసు లొరయకుండ మెత్తని పట్టీలు వేసి, బరువు సరితూగుచోట పట్టి, కొయ్యతొట్టెలో పరుండబెట్టి బిగింపవలెను. ఇనుపదానికి ఊడు త్రుప్పును, ఉప్పును తొలగించి మైనపు పూత పూయవలెను. నీరు నిలువకుండ మూతి కొంచెము వంచి, బిరడా వేయవలెను. కంచుదానిని చింతపండుతోను ఇటుకపొడితోను తోమరాదు. ఆ మెరుపు నాలుగు దినము లుండును, అరిగిన అక్షరము మరల రాదు. బంగారురంగు పూసి సిమెంటులో పాతుట అలంకార మనిపించుకొనవచ్చును గాని రక్షణ కాదు. 1972వ సంవత్సరపు చట్టము నూరేండ్లు దాటిన ఇట్టివానిని పురావస్తువులుగా పరిగణించుచున్నది. కాని గ్రామస్థుల శ్రద్ధ లేనిచో చట్టము కాగితముననే నిలుచును.

ఫిరంగిని కాపాడుట యుద్ధమును పొగడుట కాదు. ఏ మూర్తులు కరగినవో, ఏ కోట యెట్లు కూలినదో, ఏ భుజము లా భారము మోసినవో మరువకుండుటకు అది సాక్ష్యము. గ్రంథాలయ సంఘములును, పాఠశాలల ఉపాధ్యాయులును తమ ప్రాంతపు ఫిరంగుల పట్టిక నొకదానిని తయారుచేసి, పురావస్తుశాఖవారికి తెలియజేయుదురు గాక. అమరావతి ఫలకముల విషయమున పండితులు నేడు పడుచున్న శ్రమ, ఈ ఇనుప కంచు సాక్షుల విషయమున మన సంతతివారికి తప్పవలెనన్న ఆ పని ఇప్పుడే జరుగవలెను.