వంశచరిత్ర సాఫ్ట్‌వేర్‌లో వ్యక్తి సమూహములు

వంశచరిత్రను కంప్యూటరుపై సంకలనము చేయు సాఫ్ట్‌వేర్‌లయందు, బంధుత్వముతో నిమిత్తము లేకుండ, ఏదేని ఒక సమాన లక్షణమును బట్టి కొందరు వ్యక్తులను ఒకచోట చేర్చి, ఆ చేర్పునకొక పేరునో రంగునో ఇచ్చి, కావలసినప్పుడు వారిని మాత్రమే వేరుచేసి చూచుటకును, అచ్చు వేయుటకును, ఇతరులకు పంపుటకును వీలు కల్పించు ఏర్పాటునకు వ్యక్తి సమూహమని పేరు. ఒకే ఓడలో వలస పోయినవారు, ఒకే గ్రామమున పుట్టినవారు, ఇంకను తగిన ఆధారములు దొరకనివారు, నేడు జీవించియున్నవారు మున్నగునవన్నియు ఇట్టి సమూహములే. వంశవృక్షము ఎవరికెవరు ఏమగుదురో తెలుపును. సమూహము పరిశోధకుడు తాను కూర్చిన సామగ్రిని ఏమని ప్రశ్నించుచున్నాడో తెలుపును. వృక్షమున యాబదిమంది మాత్రమే ఉన్నంతకాలము ఆ ప్రశ్నకు జ్ఞాపకశక్తియే సమాధానము చెప్పగలదు గాని, సంఖ్య వేలలోనికి పోయిన పిమ్మట సమూహములు లేని వృక్షమునుండి పనికివచ్చు విషయమును వెదకి తీయుట దుస్సాధ్యమగును.

పూర్వచరిత్ర

పూర్వులను తరములుగా విభజించి చూపు యత్నము కంప్యూటరుకంటె మిక్కిలి ప్రాచీనమైనది. ఆస్ట్రియా దేశీయుడగు మికాయేల్ ఐట్సింగర్ 1590లో ప్రకటించిన గ్రంథమున పూర్వులకు వరుస సంఖ్యలిచ్చు పద్ధతి నొకదానిని వాడెను. 1676లో స్పెయిన్ దేశీయుడగు హెరోనిమో దె సోసాయు, 1898లో జర్మను వంశచరిత్రకారుడగు కెకులె ఫాన్ స్ట్రాడోనిట్స్‌యు దానికి వ్యాప్తి కలిగించిరి. ఈ పద్ధతిలో ఎవని వంశము వ్రాయబడునో వానికి 1వ సంఖ్య. తండ్రికి 2, తల్లికి 3. ఎవరి సంఖ్యనైనను రెట్టించినచో వారి తండ్రి సంఖ్యయు, దానికి ఒకటి కలిపినచో తల్లి సంఖ్యయు వచ్చును. కావున 4 మొదలు 7 వరకు గలవారు తాతలు, అవ్వలు. 8 మొదలు 15 వరకు గలవారు ముత్తాతలు, ముత్తవ్వలు. తరమును బట్టి చేసిన సమూహీకరణమునకు ఇంతకంటె సంక్షిప్తమైన మార్గము లేదు. అయినను అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు, పినతండ్రి బిడ్డలకు ఇందులో సంఖ్యయే లేదు. భారతదేశమున హరిద్వారమందలి పండాలు అను తీర్థపురోహితులు వేరొక మార్గము నవలంబించి, యాత్రికుల వంశావళులను వారి స్వస్థలమును బట్టియు, కులమును బట్టియు విభజించి బహీలు అను చిట్టాపుస్తకములలో వ్రాసి ఉంచిరి. అచ్చట ఊరు ముందు, వంశము తరువాత.

కంప్యూటరు యుగమున, అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ కేంద్రముగాగల లేటర్ డే సెయింట్స్ చర్చివారు, వంశ వివరములను ఒక సాఫ్ట్‌వేర్ నుండి మరియొకదానికి తరలించుటకై 1984లో జెడ్‌కామ్ అను ప్రమాణమును వెలువరించిరి. దీని 5.5.1వ రూపము 1999లో ముసాయిదాగా వచ్చి, రెండు దశాబ్దములపాటు దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్‌లకును ఆధారమై నిలిచెను, 7.0వ రూపము 2021లో వెలువడెను. జెడ్‌కామ్ దృష్టిలో ప్రధానమైన పద్దులు రెండు: ఒకటి వ్యక్తి, రెండవది కుటుంబము. భర్త, భార్య, సంతానము కలిసినది కుటుంబము. ఇంతకు మించి నలుగురిని ఒకచోట చేర్చి 'వీరు ఫలానావారు' అని వ్రాయుటకు ఈ ప్రమాణమున ప్రత్యేకమైన పద్దు లేదు. అందుచేత సమూహముల ఏర్పాటును ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ తన ఇచ్చవచ్చినట్లు చేసికొనవలసివచ్చినది. ఈ విషయమున నేటికిని కనబడు అనైక్యతకు మూలమిదియే.

సమూహముల విధములు

సమూహములు రెండు విధములు. మొదటిది చేతితో గుర్తు వేసి కూర్చునది. రూట్స్‌మ్యాజిక్‌లో గ్రూపులనియు, ఫ్యామిలీ హిస్టోరియన్‌లో నేమ్డ్ లిస్టులనియు, గ్రాంప్స్‌లో ట్యాగులనియు వ్యవహరింపబడునవి ఈ కోవలోనివి. రెండవది నియమమును చెప్పి, ఆ నియమమునకు సరిపోవువారిని సాఫ్ట్‌వేర్ చేతనే ఏరించునది. దీనిని సామాన్యముగా ఫిల్టర్ అందురు.

ఈ రెంటి తారతమ్యమును గ్రాంప్స్ అను సాఫ్ట్‌వేర్‌లో స్పష్టముగా చూడవచ్చును. డాన్ ఆలింగ్‌హామ్ 2001లో ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితముగా లభించును. దాని మూలమును ఎవరైనను పరిశీలింపవచ్చును, మార్చుకొనవచ్చును. ఇందులో ట్యాగునకు ఒక పేరు, ఒక రంగు, ఒక ప్రాధాన్యక్రమము ఉండును. ఒక వ్యక్తికి ఎన్ని ట్యాగులనైనను తగిలింపవచ్చును గాని, జాబితాలో ఆ వ్యక్తి వరుసకు పట్టు రంగు మాత్రము ఒక్కటియే. ప్రాధాన్యమున ఏ ట్యాగు పైనున్నదో దాని రంగే కనబడును. కనుక 'జన్మతేదీ సరిచూడవలెను' అను ఎర్రని ట్యాగును క్రిందను, 'మాతామహుల వైపు' అను పచ్చని ట్యాగును పైనను ఉంచినచో, సరిచూడవలసినవారు పచ్చదనము చాటున మరుగుపడిపోదురు.

ఫిల్టర్ అట్లు కాదు. 'ఫలానావారి సంతతి', 'ఫలానావారి పూర్వులు', 'ఫలానా ఘటన గలవారు' మొదలగు నియమములను ఒకటికొకటి జోడించి, అన్నియు సరిపోవువారు కావలెనో, ఏ ఒక్కటి సరిపోయినను చాలునో పరిశోధకుడు నిర్ణయింపవచ్చును. వలసినచో ఫలితమును తలక్రిందుచేసి, ఆ నియమమునకు వెలుపలనున్నవారిని కోరవచ్చును. ఒక ఫిల్టర్ ఫలితముపై మరియొక ఫిల్టర్‌ను నిలిపి, ముందు ఏరబడినవారి భార్యాభర్తలను, తోబుట్టువులను, సంతతిని చేర్చుకొనవచ్చును. నేడొక క్రొత్త శిశువును వృక్షమున చేర్చినచో, సంతతిని బట్టి ఏర్పడిన ఫిల్టర్‌లో ఆ శిశువు తనంతట తానే చేరును. చేతితో గుర్తు వేసిన సమూహమునకు మాత్రము ఆ సంగతి మరల చెప్పవలసియుండును. అయితే, నియమముగా చెప్పుటకు వీలుకాని విషయములు, అనగా 'ఈ వేసవిలో ఊరికి పోయినప్పుడు పెద్దలను అడుగవలసినవారు' వంటివి, ట్యాగునకే చెందును.

నేటాల్ వలస: ఒక ఉదాహరణము

దక్షిణాఫ్రికాలోని నేటాల్‌నకు చెరకు తోటలలో పని నిమిత్తము ఒప్పంద కూలీలుగా 1860 మొదలు 1911 వరకు 1,52,000కు పైగా భారతీయులు వెళ్లిరి. వారిలో మొదటివారిని మద్రాసు నుండి కొనిపోయిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న దర్బన్ చేరెను. మద్రాసు మార్గమున పోయినవారిలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. ఒక్కొక్క కూలీకి ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము అను వివరములను నాటి అధికారులు రిజిస్టరులో ఎక్కించిరి. ఇంటిపేరునకు అందులో ప్రత్యేక స్థానము లేదు. కావున నేడు దర్బన్‌లోని యొక తెలుగు కుటుంబము తన మూలమును వెదకబూనినచో, ఇంటిపేరును బట్టి సమూహమును కూర్చు సామాన్య మార్గము వారికి అక్కరకు రాదు.

ఇట్టిచోట నిపుణులు చేయునది యేమనగా: ఓడ పేరును ట్యాగుగా వేయక, ఆ నౌకాయానమును ఒక ఘటనగా ఒక్కసారి నమోదు చేసి, దానిని ప్రయాణికులందరకు ఉమ్మడిగా ముడిపెట్టుదురు, గ్రాంప్స్‌లో ఒకే ఘటనను పలువురు వ్యక్తులతో జోడింపవచ్చును. రిజిస్టరు సంఖ్యను వ్యక్తి లక్షణముగాను, గ్రామమును జన్మస్థలముగాను, తోటను నివాసముగాను వ్రాయుదురు. అంతట ఓడను బట్టి యొకటి, తాలూకాను బట్టి యొకటి, తోటను బట్టి యొకటి, ఈ మూడు ఫిల్టర్‌లు సిద్ధమగును. ఒక్కొక్కటియే అయినచో ప్రతిదియు పెద్ద జాబితాయే. మూడింటికిని సరిపోవువారిని మాత్రమే కోరినచో కొద్దిమంది మిగులుదురు. అన్నదమ్ములో, వియ్యంకులో, ఇరుగుపొరుగువారో ఉన్నచో, వారిలోనే ఉండుటకు అవకాశము మెండు.

మనుష్యుడు ఒంటరిగా ఊరు విడువడు, ఒంటరిగా సాక్షి సంతకము చేయింపడు, ఒంటరిగా భూమి కొనడు; కనుక బంధువులతోపాటు స్నేహితులను, సహవాసులను, పొరుగువారిని కూడ పరిశోధింపవలెనను సూత్రమును అమెరికా వంశచరిత్రజ్ఞురాలగు ఎలిజబెత్ షోన్ మిల్స్ ప్రచారము చేసిరి. సాఫ్ట్‌వేర్‌లోని సమూహములు ఈ సూత్రమునకు సాధనములు. కాని ఒకే ఓడనెక్కినంత మాత్రమున బంధుత్వము సిద్ధింపదు. సమూహము ఎచ్చట వెదకవలెనో చూపును గాని, ఏది సత్యమో తీర్చిచెప్పదు.

తెలుగు కుటుంబములలోని విశేషములు

ఐరోపా, అమెరికా దేశముల వంశపరిశోధకులు తాతల వైపు నాలుగు, ముత్తాతల వైపు ఎనిమిది శాఖలను వేర్వేరు రంగులతో గుర్తించుట పరిపాటి. ఏ రంగునకారంగు విడివిడిగా నిలుచుననునది అందలి భావన. మేనరికములు గల తెలుగు కుటుంబములలో ఈ భావన చెల్లదు. మేనమామ కూతురిని పెండ్లాడినవాని బిడ్డను 1వ సంఖ్యగా తీసికొన్నచో, 10, 12 సంఖ్యలు రెండును ఒకే పురుషునికి, 11, 13 సంఖ్యలు రెండును ఒకే స్త్రీకి వచ్చును. ఎనమండుగురు ఉండవలసినచోట ఆరుగురే ఉందురు. అక్క కూతురిని పెండ్లాడిన మేనమామ బిడ్డ విషయమున చిక్కు మరింత హెచ్చు: 4వ సంఖ్య గల పితామహుడే తల్లికి మాతామహుడై 14వ సంఖ్యను కూడ పొందును, పితామహి 5, 15 సంఖ్యలను పొందును. ఒకే దంపతులు రెండు వేర్వేరు తరములలో నిలిచినప్పుడు, తరమును బట్టిగాని, శాఖను బట్టిగాని చేసిన సమూహములు ఒకదానిపైనొకటి పడక తప్పదు. డి.ఎన్.ఎ. పరీక్షలో సరిపోలినవారిని నాలుగు తాతల శాఖలకు నాలుగు రంగులుగా విభజించు లీడ్స్ పద్ధతి కూడ ఇట్టి కుటుంబములలో రంగులు కలిసిపోయి తేలిపోవుటకు కారణమిదియే. తెలుగు కుటుంబమునకు 'తండ్రి వైపు' సమూహము, 'తల్లి వైపు' సమూహము, 'ఇరువైపుల' సమూహము అని మూడు చేయుట మేలు.

ఇంటిపేరు విషయమునను జాగ్రత్త వలయును. వివాహానంతరము మారిన ఇంటిపేరును బట్టి సమూహమును కూర్చినచో కోడండ్రు లోనికి వత్తురు, కూతుండ్రు వెలుపలికి పోవుదురు. పుట్టింటి పేరును, అత్తింటి పేరును రెంటిని విడివిడిగా నమోదు చేసి, ఏ పేరును బట్టి ఏరవలెనో నియమమున స్పష్టముగా చెప్పవలెను. దత్తు పోయినవానికి జనక కుటుంబము, దత్త కుటుంబము అని రెండు పద్దులుండును గనుక, సంతతిని ఏరు నియమము ఏ దారిని పోవుచున్నదో ఒకరిద్దరి విషయమున పరీక్షించి చూచిన పిదపనే ఫలితమును నమ్మవలెను.

జీవించియున్నవారు, గోప్యత

సమూహములన్నింటిలోను నిత్యావసరమైనది జీవించియున్నవారి సమూహము. మరణ తేదీ తెలియనంత మాత్రమున ఒక వ్యక్తిని జీవించియున్నట్లు ఎంచుట సరికాదు, గతించినట్లు ఎంచుట అంతకంటెను ప్రమాదకరము. గ్రాంప్స్ ఇట్టిచోట జన్మతేదీని, అది లేనిచో దగ్గరి బంధువుల తేదీలను ఆధారము చేసికొని, సామాన్యముగా 110 ఏండ్లను పరమావధిగా గ్రహించి అంచనా కట్టును. వృక్షమును ఇతరులకు పంపునపుడు ఈ సమూహమునకు చెందినవారి వివరములను తొలగింపవచ్చును, లేదా పేరులను మరుగుపరుపవచ్చును. అనారోగ్యము, విడాకులు, దత్తత వంటి విషయములకు ప్రత్యేకముగా గోప్యపు గుర్తు కూడ కలదు.

తరలింపులోని లోపములు

పరిశోధకుడు ఏండ్ల తరబడి కూర్చుకొన్న సమూహములు సాఫ్ట్‌వేర్ మారినప్పుడు నశించుట సర్వసాధారణము. జెడ్‌కామ్ ప్రమాణమున వాటికి చోటు లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు తమ సొంత గుర్తులను చేర్చి పంపును గాని, అందుకొను సాఫ్ట్‌వేర్‌కు ఆ గుర్తులు అర్థము కావలెనను నియమము లేదు. గ్రాంప్స్‌లో ఇంకొక సూక్ష్మము కలదు: ట్యాగులు వంశవృక్షపు డేటాబేస్‌లోనే ఉండి, దాని సొంత ఫార్మాట్‌లో తీసిన ప్రతితోపాటు వెళ్లును, వాడుకరి స్వయముగా కల్పించుకొన్న ఫిల్టర్‌లు మాత్రము వేరొక ఫైలులో, ఆ కంప్యూటరుమీదనే ఉండును. వృక్షమునకు మాత్రమే ప్రతి తీసి క్రొత్త కంప్యూటరునకు మారినవారికి ట్యాగులు దక్కును, ఫిల్టర్‌లు దక్కవు.

కావున వ్యక్తిని గూర్చిన సత్యమును, అనగా ఓడను, ఊరును, వృత్తిని, పదవిని, ఆధారముతో కూడిన ఘటనగా వ్రాయవలెను. పరిశోధకుని సందేహమును, చేయవలసిన పనిని మాత్రమే ట్యాగుగా వేయవలెను. ఘటనలు ఏ సాఫ్ట్‌వేర్‌కైనను తరలింపదగినవి. వాటినుండి సమూహమును మరల ఎప్పుడైనను పుట్టించుకొనవచ్చును. ప్రతి సమూహమునకును అది ఎందులకు, ఏ నియమముతో, ఏ సంవత్సరమున ఏర్పడెనో రెండు వాక్యములలో వ్రాసి వృక్షముతోపాటు భద్రపరచినచో, తరువాతి తరమువారికి ఆ పనిని అందుకొని కొనసాగించుట సులభమగును.