రాష్ట్రపతి ఎన్నిక - రాష్ట్రాల పాత్ర

దేశాధ్యక్షుడు రాజధానిలో ఉంటాడు. అయితే ఆయన గెలుపు ఓటములను తేల్చేది చాలాసార్లు రాష్ట్రాల రాజకీయాలే. ఇది ఎలా జరుగుతుందో రెండు ఎన్నికల ద్వారా ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొదటిది అమెరికాది. అక్కడ ప్రతి రాష్ట్రానికీ కొన్ని ఎలక్టోరల్ ఓట్లు ఉంటాయి. సాధారణంగా రాష్ట్రంలో ఆధిక్యం పొందినవారికే ఆ ఓట్లన్నీ దక్కుతాయి. 1912లో రిపబ్లికన్ పార్టీ టాఫ్ట్, థియొడోర్ రూజ్‌వెల్ట్ వర్గాలుగా చీలిపోగా, డెమొక్రాట్ ఉడ్రో విల్సన్ గెలిచాడు. 1916 నాటికి రూజ్‌వెల్ట్ తిరిగి సొంత పార్టీ వైపు వచ్చినా, కాలిఫోర్నియాలో చీలిక మానలేదు. రిపబ్లికన్ అభ్యర్థి హ్యూస్ ప్రచారానికి వెళ్లినప్పుడు లాంగ్‌బీచ్‌లో ఒకే హోటల్లో ఉండి కూడా, అక్కడి గవర్నర్ హైరమ్ జాన్సన్‌ను కలవలేదు. కాలిఫోర్నియాలో విల్సన్ సుమారు 3,800 ఓట్ల తేడాతో గెలిచి, ఆ రాష్ట్రపు 13 ఎలక్టోరల్ ఓట్లనూ పొందాడు. దేశం మొత్తం మీద విల్సన్‌కు 277, హ్యూస్‌కు 254 వచ్చాయి. ఆ 13 ఓట్లు అటు పడి ఉంటే అధ్యక్షుడు మారేవాడు.

ఇక మన దేశానికి వద్దాం. మన రాష్ట్రపతిని పార్లమెంటుకు, శాసనసభలకు ఎన్నికైన సభ్యులు రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. ఓటరు అభ్యర్థులకు ప్రాధాన్యక్రమం ఇస్తాడు. శాసనసభ్యుని ఓటు విలువ ఆ రాష్ట్ర జనాభాను బట్టి ఉంటుంది.

1967 సాధారణ ఎన్నికల్లో అనేక రాష్ట్రాల్లో కాంగ్రెసు అధికారం కోల్పోయింది. జంషెడ్‌పూర్ అప్పుడు బీహారులో భాగం. అక్కడా కాంగ్రెసేతర ప్రభుత్వం ఏర్పడింది. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించారు. కాంగ్రెసు నాయకత్వం లోక్‌సభ స్పీకర్ నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిలిపింది. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి జూలై 20న పదవికి రాజీనామా చేసి స్వతంత్రుడిగా పోటీకి దిగారు. ఇద్దరూ తెలుగువారే. సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. గిరి బరంపురంలో పుట్టిన కార్మిక నాయకుడు. టాటానగర్ మీదుగా సాగే నాటి బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికుల సంఘానికి ఆయన నాయకత్వం వహించారు. ఆ విధంగా ఈ ఉక్కు నగరంలో స్థిరపడ్డ తెలుగువారికి ఆయన దూరపు మనిషి కాదు.

సంజీవరెడ్డి పేరును ప్రతిపాదించిన ప్రధాని ఇందిరాగాంధీయే చివరికి అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయాలని సభ్యులను కోరారు. కమ్యూనిస్టులు, తమిళనాడులో అధికారంలో ఉన్న డి.ఎం.కె., పంజాబులోని అకాలీదళ్ గిరిని బలపరిచాయి. స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలిపాయి. ఆగస్టు 16న పోలింగ్ జరిగింది. మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువ గల ఓట్లు వచ్చాయి. గెలుపుకు కావలసినవి 4,18,169. ఎవరికీ అన్ని రాలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 అయ్యాయి. తేడా 14,650 మాత్రమే.

ఈ సంఖ్య ఎంత చిన్నదో చూడండి. 2022 ఎన్నికలో జార్ఖండ్ శాసనసభ్యుని ఓటు విలువ 176. మొత్తం 81 మంది ఓట్లూ కలిపితే 14,256. అంటే ఒక మధ్యతరగతి రాష్ట్రపు శాసనసభ బలమంత తేడాతో 1969 ఫలితం తేలింది. ఆ ఏడాది నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలింది. ఓడిన సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

2022లో జార్ఖండ్ మాజీ గవర్నర్ ద్రౌపది ముర్ముపై హజారీబాగ్ మాజీ ఎం.పి. యశ్వంత్ సిన్హా పోటీ చేశారు. కాంగ్రెసుతో కలిసి రాష్ట్రాన్ని పాలిస్తున్న జార్ఖండ్ ముక్తి మోర్చా, కాంగ్రెసు బలపరచిన సిన్హాను కాదని సంథాల్ మహిళ అయిన ముర్మును సమర్థించింది. రాష్ట్ర పార్టీకి ఢిల్లీ కూటమి కంటే సొంత ప్రజల మనసే ముఖ్యమైంది.

కాబట్టి మనం శాసనసభ్యునికి వేసే ఓటు వీధి రోడ్డుకూ, మంచినీటికీ మాత్రమే పరిమితం కాదు. అది మన తరఫున రాష్ట్రపతి ఎన్నికలోనూ పడుతుంది. మరి ఆ సభ్యుడు అక్కడ పార్టీ మాట వినాలా, తన మనసు మాట వినాలా, తనను పంపిన ప్రజల మాట వినాలా? 1969 మన ముందుంచిన ఈ ప్రశ్నను తరగతిలో చర్చించండి.