మూడు నిమిషాల కచేరీ

మొన్న కూర్మన్నపాలెంలో మా ఇంటి అటక దులుపుతుంటే నాన్నగారి లక్క రికార్డులు బయటపడ్డాయి. పాతసామాన్లవాడికి వేసేద్దామనుకుంటూనే ఒకటి తీసి చూశాను. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్!

విశాఖలో పెరిగిన ఆయనకి చూపు ఆనక చిన్నప్పుడే బడి చదువు ఆగిపోయింది. అన్నగారి దగ్గర కమాను పట్టారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులు, 1936లో ప్రిన్సిపాలు అయ్యారు. పక్కవాద్యమనుకునే వయొలిన్‌తో ఒంటిగా కచేరీలు చేసి మెప్పించారు.

అంతటివారూ రికార్డుకి ఒక్కోవైపు మూడు నిమిషాల్లోనే ఒదగాలి మరి! చిన్నప్పుడు “ఇంతేనా?” అని విసుక్కునేదాన్ని. గ్రామఫోనుకి కీ ఇచ్చి ఇప్పుడు వింటే, ఒక్క స్వరమైనా వృథాగా పోలేదనిపించింది. 1964లో ఆయన పోయారు, నాన్నగారూ లేరు. గీత పడినచోట ముల్లు ఆగితే వేలితో జరిపాను.

పాతసామాన్లవాణ్ణి మాత్రం ఖాళీ చేతులతో పంపేశాను.